పటాలం రోడ్డు క్లచ్చక్కయ్య

టౌన్లో ఆస్పత్రి ముందున్న రోడ్డు మీద నాలుగు లారీలు పక్కపక్కనే పోయినా ఇంకా ఒక సైకిలుకి చోటు మిగులుతుంది. ఆ రోడ్డు మీద, పట్టపగలు, మా ఊరి దర్జీ డ్రైవింగు పరీక్ష ఇస్తూ, ఎదురుగా రొట్టెల వ్యాను రావడం చూశాడు. చూసి, కారుని పద్ధతిగా పక్కకి తీసి, ఆపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పైకెత్తాడు. రొట్టెల వ్యానతను కూడా తన బండిని పద్ధతిగా పక్కకి తీసి, ఆపి, చెయ్యెత్తాడు. 'రండి' అన్నట్టు దర్జీ తలూపాడు. 'అబ్బే, మీరే రండి' అన్నట్టు వ్యానతను తలూపాడు. ఇద్దరూ మర్యాదస్తులు కావడంతో ఎవరూ కదల్లేదు.

పక్క సీట్లో కూచున్న లైసెన్సు ఇన్‌స్పెక్టరు ఈ ఆఫీసుకి కొత్తగా వచ్చాడు. ఎవరో మంత్రిగారు వస్తున్నారు కాబోలనుకుని చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఎంతసేపటికీ మంత్రిగారు రాలేదు. వెనకనించి హారన్లు మొదలయ్యాయి.

"ఎందుకాపారండీ?" అన్నాడు.

"ఆయన రావాలి కదండీ."

"రావడానికి దారి లేదా?"

"బోలెడుందండీ."

"మరి మీరు పోవచ్చుగా?"

"చెయ్యెత్తేశాను కదండీ," అన్నాడు దర్జీ, ఈమాత్రం తెలీదా అన్నట్టు. "ఎత్తాక ఆయన దాటకుండా నేనెలా కదుల్తాను? బావుండదు."

చివరికి ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి ఒకరి తర్వాత ఒకరి చెయ్యి పట్టుకుని కిందికి దించితే తప్ప దారి తెరుచుకోలేదు. దర్జీ ఫెయిలయ్యాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం అక్కడితో వదల్లేదు. కారు దిగి వ్యాను దగ్గరికి నడిచి వెళ్ళాడు.

"మీకు డ్రైవింగు నేర్పిందెవరు?"

"క్లచ్చక్కయ్యండీ."

వెనక్కి వచ్చి దర్జీని అడిగాడు. "మీకో?"

"మాకెవరికైనా క్లచ్చక్కయ్యేనండీ," అన్నాడు దర్జీ.

ఆ క్లచ్చక్కయ్య గురించి చెప్పాలంటే ముందు ఆవిడ రోడ్డు గురించి చెప్పాలి. ఆ రెంటినీ విడదీయడం మా వల్ల కాదు.

యుద్ధం రోజుల్లో శత్రువు సముద్రం మీంచి మా వైపే దిగుతాడని ఎవరో పైవాళ్ళు తేల్చారట. ఇంకేం, పటాలం దిగింది. రైల్వే స్టేషను వెనకనించి ఇసక తిన్నెల దాకా, పొలాల మధ్యనుంచి, గీత గీసినట్టు ఒక సిమెంటు రోడ్డు పోశారు. పెద్ద పెద్ద పలకలుగా పోసి ఒకదాని పక్కన ఒకటి అతికించారు. ట్యాంకులు తిరిగి వెనక్కి మళ్ళడానికి చివర్లో సముద్రం ముందు గుండ్రంగా ఒక మైదానం లాంటిది పోశారు. దాని అంచున, ఒకవేళ శత్రువే ట్యాంకులు తెస్తే అవి ముందుకి రాకుండా, మనిషి ఎత్తు సిమెంటు దిమ్మలు వరసగా పాతారు. అంతా సిద్ధమయ్యాక శత్రువు ఇంకెక్కడో దిగాడు. పటాలం మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయింది. ఎక్కణ్ణించీ ఎక్కడికీ పోని ఆ రోడ్డు మాకు మిగిలింది.

ఊళ్ళో వాళ్ళు దాన్ని ఊరికే పోనిచ్చారా! ఇసకలో బళ్ళు కూరుకుపోకుండా పటాలం పరిచిన చిల్లుల ఇనపరేకులు ఇప్పుడు మేకల దొడ్లకి తలుపులయ్యాయి, కాలవలకి వంతెనలయ్యాయి. మా ఇంటి వెనక కోళ్ళ గూడు కూడా ఆ రేకుదే. ఫిరంగి వచ్చి గుద్దినా మా కోళ్ళకి ఢోకా లేదు.

రోడ్డు మాత్రం ఒక్క బండి పట్టేంతే. ఎదురు బండి వస్తే తప్పుకోడానికి అక్కడక్కడా ఒక పక్కకి కాస్త ఉబ్బినట్టు అదనంగా సిమెంటు పోశారు. వాటిని మేం జేబులంటాం. పద్ధతి ఏమిటంటే, జేబుకి ఎవరు దగ్గరుంటే వాళ్ళు అందులోకి తప్పుకోవాలి. తప్పుకున్నాక చెయ్యెత్తాలి. ఎత్తిన చెయ్యి చూసి ఎదుటివాడు రావాలి. అతను దాటేదాకా ఎత్తినవాడు కదలకూడదు. సమాన దూరంలో ఉంటే, బరువున్న బండికి ఖాళీ బండి దారివ్వాలి. ఆ రోడ్డు మీద ఇందులో తిరకాసేమీ లేదు. ఇద్దరిలో తప్పుకోవాల్సింది ఎప్పుడూ ఒక్కరే.

టౌన్లో జేబుల్లేవు. అదీ చిక్కు. జేబు కనపడక, దగ్గరున్నది తామేనేమోనని ఇద్దరికీ అనుమానం వస్తుంది.

అక్కయ్య నాన్న ఆ రోజుల్లో పటాలం లారీలో కంకర తోలేవాడు. జేబు జేబుకీ ఒక సిపాయి జెండా పట్టుకుని నిలబడి, పద్ధతి తప్పినవాణ్ణి వాడి ఏడు తరాల పెద్దల్నీ తలచుకుని తిట్టేవాడట. సిపాయిలు వెళ్ళిపోయాక కూడా ఆయన జేబు దగ్గర చెయ్యెత్తుతూనే ఉన్నాడు. జెండా లేకపోయినా తిట్లు చెవుల్లో ఉండిపోయాయి మరి. ఆయన్ని చూసి గడ్డిబళ్ళ వాళ్ళూ, చేపల బుట్టల సైకిళ్ళ వాళ్ళూ నేర్చుకున్నారు.

ఇరుసు విరిగిందని పటాలం ఇసకలో వదిలేసి పోయిన ఒక లారీని ఆయన తవ్వి తీసి, ఆ భాగం ఈ భాగం తగిలించి నడిపించాడు. కూతుర్ని చెక్కపెట్టె మీద కూచోబెట్టి ఆ లారీలోనే స్టీరింగు పట్టించాడు. అప్పట్లో ఆవిడ కాళ్ళు పెడళ్ళకి అందేవి కావు. నాన్న కింద కూచుని చేత్తో క్లచ్చు నొక్కేవాడు. ఈవిడ పైనించి "క్లచ్చు! క్లచ్చు నాన్నా!" అని అరిచేది. పేరు అప్పుడే పడింది. అక్కయ్య అన్నది తర్వాత చేరింది.

మొదటి శిష్యుడు వెల్డింగు పనివాడు. చిల్లుల రేకుతో వాళ్ళింటికి గేటు చెయ్యడానికి వచ్చాడు. గేటు పని రెండ్రోజుల్లో అయిపోవాల్సింది, నెల పట్టింది. ఈలోగా డ్రైవింగు నేర్చుకున్నాడు. పెళ్ళి మాట ఎక్కడ వచ్చిందని ఎవరైనా అడిగితే "సెకండు గేరులో" అంటాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆవిడ ఊరందరికీ అక్కయ్య గనక ఆయన ఊరందరికీ బావగారయ్యాడు. అక్కయ్య కారులో పక్క సీటు ముందర ఇంకో క్లచ్చూ ఇంకో బ్రేకూ అతికించింది ఆయనే.

అక్కయ్య పొట్టి మనిషి. సీటు మీద దిండు, దిండు మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద ఆవిడ. పొద్దున్నే బావగారూ ఆవిడా చెరో పార పట్టుకుని, రాత్రి గాలికి తిన్నెల మీంచి రోడ్డు మీదకొచ్చిన ఇసక ఎత్తిపోస్తారు. తర్వాత ఆవిడ చీపురు తీసుకుని జేబులన్నీ ఊడ్చుకుంటూ వస్తుంది. ఎవరైనా జేబులో కట్టెలు పేర్చారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "నీ జేబులో నేనెప్పుడైనా చెయ్యి పెట్టానా? నా జేబులో నీ కట్టెలెందుకు?" అంటుంది.

పాఠం స్టేషను వెనక మొదలవుతుంది. పలకల మధ్య అతుకుల మీద చక్రాలు టక్కు టక్కుమంటాయి. ఆ చప్పుడు విని వేగం చెప్పాలి. స్పీడు చూపించే ముల్లు చూస్తే ఒప్పుకోదు. "ముల్లు నీకు చెప్తుంది, రోడ్డు అందరికీ చెప్తుంది," అంటుంది. ఒక పలక మీద, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో సిపాయి అడుగేసిన బూటు గుర్తుంది. అక్కడ సెకండు గేరు. ఇంకాస్త ముందు కుక్క పాదాలున్నాయి. అక్కడ థర్డు. చివర్న గుండ్రటి మైదానం చేరాక, ఆ ట్యాంకు దిమ్మల మధ్య కారుని రివర్సులో పెట్టాలి. ఆ దిమ్మలు ఒక్క ట్యాంకునైనా ఆపలేదు గానీ మా ఊరి వాళ్ళని మాత్రం ఒక్కర్నీ వదల్లేదు. ఊళ్ళో ఉన్న ప్రతి కారు రంగూ వాటి మీదుంది. వెతికితే నాది కూడా దొరుకుతుంది, కాస్త కింద, ఆకుపచ్చది.

మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే కూడా అక్కయ్య వాకిట్లో నిలబడి, "ముందు ఇద్దరూ క్లచ్చు నొక్కండి, తర్వాత గేరు మార్చుకుందురు గాని," అంటుంది. చాలావరకు పనిచేస్తుంది.

ఇన్‌స్పెక్టరు మర్నాడే అక్కయ్యని ఆఫీసుకి పిలిపించాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళిప్పించాడు.

"చూడండమ్మా. పాత ఫైళ్ళు తీయించి చూశాను. పోయినవారం పాలబూత్ ఆవిడ ఇలాగే ఆగిందట. అంతకుముందు లెక్కల మాస్టారు ఆగాడట. నిన్న దర్జీ. ఖాళీ రోడ్డు మీద ఇలా ఉన్నట్టుండి ఆగిపోతే వెనకనించి వచ్చేవాడు గుద్దెయ్యడూ?"

"గుద్దేస్తాడండీ," అంది అక్కయ్య.

"మరి?"

"మీరన్నది నిజమేనండీ. మా రోడ్డు మీద ఆగకపోతే గుద్దుకుంటారు, మీ రోడ్డు మీద ఆగితే గుద్దుకుంటారు."

ఇన్‌స్పెక్టరు నవ్వబోయి ఆపుకున్నాడు. "తర్వాత పరీక్ష ఎవరిది?"

"నర్సమ్మదండీ. మా ఊరి ఆస్పత్రి వ్యాను డ్రైవరు రిటైరయ్యాడు. ఆవిడే తోలుకోవాలి."

"ఆవిడ కూడా ఎదురు బండికి ఆగి చెయ్యెత్తితే, మీ స్కూలు అనుమతి రద్దు చెయ్యక తప్పదు. బోర్డు తీసెయ్యాలి. నన్ను తప్పుగా అనుకోకండి."

"అనుకోనండీ," అంది అక్కయ్య. ఇంటికొచ్చి, పొద్దున ఊడ్చిన జేబులన్నీ మళ్ళీ ఊడ్చింది. అప్పుడే మాకు తెలిసింది ఆవిడ బెంగపడిందని.

బెంగ ఉండదూ! ఆ బోర్డు వాళ్ళ నాన్న లారీ తలుపు. దాని మీద రంగేసి, అక్షరాలు రాసి, ఇంటి ముందు పెట్టింది. అది దింపితే ఆవిడకి పొద్దున్నే లేచి ఇసక ఎత్తడానికి కారణం ఉండదు. రెండు వానాకాలాలు గడిస్తే రోడ్డు ఇసక కింద పడుకుంటుంది.

నర్సమ్మ గట్టి మనిషి. ఎంతమందికి సూదులు పొడిచిందో లెక్కలేదు, చెయ్యి ఒక్కసారి వణకలేదు. కానీ పటాలం రోడ్డు మీద నేర్చుకున్న మనిషి. ఎదురుగా ఏదైనా కదిలితే చాలు, కాలు బ్రేకు మీదికీ చెయ్యి ఆకాశంలోకీ పోతాయి. ఒకసారి గేదెకి కూడా ఎత్తింది.

పటాలం రోడ్డు మీద ఆగకుండా పోవడం నేర్పడం కుదరదు. మొదట టౌనుకే తీసుకెళ్ళింది అక్కయ్య. "నేను తోలి చూపిస్తాను, చూడు," అని స్టీరింగు దగ్గర కూచుంది. ఎదురుగా పాల లారీ వచ్చింది. అక్కయ్య కారు పక్కకి తీసి, ఆపి, చెయ్యెత్తింది.

"అక్కయ్యా!" అంది నర్సమ్మ.

"నేను కాదే, చెయ్యి," అంది అక్కయ్య, ఎత్తిన చెయ్యి వంక పరాయిదాన్ని చూసినట్టు చూస్తూ.

పాల లారీ డ్రైవరు కూడా ఆగి చెయ్యెత్తాడు. "బావున్నావా అక్కయ్యా?" అని అరిచాడు. పాత శిష్యుడు. ఇద్దరూ కాసేపు కుశలప్రశ్నలు వేసుకున్నారు. వెనక హారన్లు మోగాయి. ఇద్దరు ఆడవాళ్ళూ కారు తిప్పుకుని ఇంటికొచ్చేశారు.

ఇక మిగిలింది ట్యాంకులు తిరిగే గుండ్రటి మైదానం. దాని మీద అక్కయ్య సున్నంతో మధ్యగా ఒక గీత గీసింది. గీతకి ఇటు నర్సమ్మ, అటు ఎదురుగా బావగారు, తన వెల్డింగు సామాన్ల ఆటోలో. ఒకరికొకరు ఎదురై, ఆగకుండా దాటిపోవాలి. పనంతా అదే.

మొదటిసారి నర్సమ్మ ఆగలేదు. పళ్ళు బిగబట్టి ముందుకి పోయింది. బావగారు ఆగి చెయ్యెత్తాడు. అది చూసి నర్సమ్మ మొహమాటపడి బ్రేకు వేసి తనూ ఎత్తింది.

"మీరెందుకాగారు?" అని మొగుడి మీద విరుచుకుపడింది అక్కయ్య.

"నువ్వే నేర్పావు," అన్నాడు బావగారు.

"ఇప్పుడు వద్దంటున్నాను!"

"ఇన్నేళ్ళ తర్వాతా?"

"మళ్ళీ చెయ్యెత్తారంటే ఇంట్లో భోజనం లేదు."

బావగారు ఆలోచించాడు. చెయ్యి మీద నమ్మకం లేక, చొక్కా కొస పట్టుకుని ఒంటి చేత్తో తోలాడు. అది ప్రమాదమని అక్కయ్య మళ్ళీ తిట్టింది. చివరికి ఆటోలో ఆయన పక్కన తను ఎక్కి, ఆయన చెయ్యి లేవబోయినప్పుడల్లా ఒక్కటి వేసింది. అలా సాయంత్రాల తరబడి ఆ రెండు బళ్ళూ సముద్రం ముందు ఎదురెదురుగా పోయాయి, వచ్చాయి. చేపలవాళ్ళు వలలు మడత పెట్టుకుంటూ, ముక్కున వేలేసుకుని చూశారు.

"ఏమిటక్కయ్యా, పోట్లాటా?" అని ఒకాయన అరిచాడు.

"కాదు, మర్యాద మానుకుంటున్నాం," అంది అక్కయ్య.

నర్సమ్మకి అన్నిటికంటే కష్టమైంది చెయ్యి కాదు, మొహం. ఎవరికీ దారివ్వకుండా పోతుంటే ఏదో దొంగతనం చేసినట్టుండేదట. "ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడకు," అంది అక్కయ్య. "సూది పొడిచేటప్పుడు చూస్తావా?"

"చూడను."

"అంతే మరి. పొడుచుకుంటూ పో."

ఆ మాటతో పట్టు దొరికింది.

పరీక్ష రోజున అక్కయ్య టౌన్లో ఆస్పత్రి ఎదురుగా బెంచీ మీద కూచుంది. పక్కన బావగారు. నర్సమ్మ కారు మూల తిరిగి వచ్చింది, పక్కన ఇన్‌స్పెక్టరు. అదే వేళకి అవతలినించి రొట్టెల వ్యాను వచ్చింది. అతను మా ఊరి కారు గుర్తుపట్టి, పద్ధతిగా పక్కకి తీసి, ఆపి, చెయ్యెత్తాడు.

బెంచీ మీద అక్కయ్య కుడిచెయ్యి కూడా లేచింది. ఆవిడ దాన్ని లాగి, కింద పెట్టుకుని, దాని మీద కూచుంది.

నర్సమ్మ వ్యాను వంక చూడలేదు. తిన్నగా, ఒకే వేగంతో, మొహం సూది పట్టుకున్నప్పటి మొహంలా పెట్టుకుని పోయింది. వ్యాను వెనక నీళ్ళ ట్యాంకరు ఆగింది, చెయ్యి లేచింది. నర్సమ్మ పోయింది. దాని వెనక పాల లారీ. చెయ్యి లేచింది. నర్సమ్మ పోయింది. అక్కయ్య పాత శిష్యులందరూ వరసగా పక్కకి తీసి చేతులెత్తుకుని నిలబడితే, ఆవిడ మధ్యలోంచి ఏ మంత్రిగారూ వెళ్ళనంత దర్జాగా వెళ్ళింది. అన్నట్టు, అప్పుడు కూడా ఇన్‌స్పెక్టరు కాలరు సర్దుకున్నాడని బావగారు చెప్పాడు. ఆయన అంత పొడుగు వాక్యం చెప్పడమే ఒక విశేషం.

కారు తిరిగొచ్చి ఆగాక ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి వెనక్కి తొంగి చూశాడు.

"వాళ్ళంతా ఎందుకు ఆగినట్టు?" అన్నాడు.

"వాళ్ళ సంగతి నాకెందుకండీ," అంది నర్సమ్మ. "నేనాగలేదు కదా?"

"లేదు."

"చెయ్యెత్తానా?"

"లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. సంతకం పెట్టి, కారు దిగి, అక్కయ్య దగ్గరికి వచ్చాడు. "మీ బోర్డు ఉండనివ్వండమ్మా. వాళ్ళందరికీ లైసెన్సు ఇచ్చిందెవరో నాకు తెలీదు, నేను మాత్రం కాదు." రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "ఆ రోడ్డు ఎక్కడుంటుందండీ?"

"స్టేషను వెనక. వస్తే మెల్లగా రండి. బూటు గుర్తు దగ్గర సెకండు గేరు," అంది అక్కయ్య.

అక్కయ్యా బావగారూ బస్సులో వచ్చేలోగా నర్సమ్మ ఆ కారులోనే, పాసైన ఊపులో, ఒక్కతే పటాలం రోడ్డు మీంచి ఊరికొచ్చేసింది. ఆ సంగతి అక్కయ్యకి సాయంత్రం, జేబు ఊడుస్తున్నప్పుడు తెలిసింది. గడ్డి ట్రాక్టరాయన రోడ్డు మీద రుసరుసలాడుతూ నడిచొచ్చాడు. జుట్టునిండా గడ్డి. చొక్కాలో గడ్డి. కనుబొమల్లో కూడా ఒక పరక.

"అక్కయ్యా, ఇదేమన్నా బావుందా? జేబు పక్కనే ఉంది నర్సమ్మ. తప్పుకుంటుందని నేను వస్తూనే ఉన్నాను. ఆవిడ ఆగదే! నా మొహం వంక చూడదే! ముక్కూ ముక్కూ రాసుకునేదాకా వచ్చి, హారన్ కొడుతుంది! లోడుతో ఉన్న ట్రాక్టరు, వెనక ట్రైలరు, దాన్ని రివర్సులో అవతలి జేబు దాకా తోసుకుపోయాను. నేను ఇటు తిప్పితే అది అటు పోతుంది. సగం గడ్డి కాలవలో ఉంది. మీ నాన్న కాలం నించీ ఈ రోడ్డు మీద ఇలాంటిది జరిగిందా? ఏం నేర్పావు అక్కయ్యా ఆవిడకి?"

అక్కయ్య చీపురు ఆపి, ఆయన కనుబొమ మీది గడ్డిపరక తీసి పక్కన పడేసింది.

"ఇవాళ్టిదాకా నేర్పింది గవర్నమెంటు డ్రైవింగు నాయనా, మనది రేపట్నించి మళ్ళీ మొదలెడతాను."